రెండో బండి

పొద్దున పాలు పొంగకముందే ఆ మోత వినిపించింది. మా వీధి చివర మిట్ట ఎక్కేటప్పుడు ఆ బండి ఊపిరి తీసుకుంటున్నట్టు ఒక్క క్షణం తగ్గి మళ్లీ అందుకుంటుంది. కర్నూలులో ఇప్పుడు పెద్ద బండ్లు వీధికొకటి ఉన్నాయి. వాటి మోతలన్నీ నాకు ఒక్కలాగే ఉంటాయి, ఈ ఒక్కదానిది తప్ప. స్టవ్ కట్టేసి కిటికీ దగ్గరికి వెళ్లేలోపే కడుపులో సన్నగా మంట మొదలైంది. ఆకలేమో అని నన్ను నేను మభ్యపెట్టుకునే వయసు దాటిపోయింది. అది అసూయ. ఆ బండి ఒకప్పుడు జీవరత్నం సారుది. ఇప్పుడు సునీతది. మధ్యలో అది నాది కావలసిందని నేను ఇప్పటికీ అనుకుంటూనే ఉన్నాను.

సారును ఎరగనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. ఆయన మా పత్రికలో కర్నూలు జిల్లా వార్తలన్నింటికీ బాధ్యుడిగా చాలాకాలం పనిచేశారు. కోయిలకుంట్ల పక్కన ఒక పల్లెలో పుట్టారు. ఆ ఊరి చర్చి గోడలకు వాళ్ల తాత రాళ్లు మోశాడట. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం ఆయన గొంతులో కాస్త గర్వం వినిపించేది. పొట్టి మనిషి. ఆ బరువైన బండి మీద కూర్చుంటే రెండు పాదాలూ ఒకేసారి నేలకు ఆనేవి కావు. రాజ్‌విహార్ కూడలిలో ఆగినప్పుడు బండిని కొంచెం ఎడమకు వంచి, ఒక్క కాలి మునివేళ్లు ఆనించి, ఏమీ ఎరగనట్టు ఎటో చూస్తూ నిలబడేవారు. పక్కన ఆగినవాళ్లు, ఇప్పుడు పడతాడా, ఇంకాసేపటికి పడతాడా అని చూసేవాళ్లు. ఆయన ఎప్పుడూ పడలేదు. నేను ఆయన్ను మొదట చూసింది అలాగే. ఆ బండి నాకు కావాలనిపించింది కూడా అప్పుడే.

నేను అప్పటికి కోయిలకుంట్లలో విలేకరిని. ఉద్యోగంలో కొత్త. ఒకరోజు మా పోటీ పత్రికలో నా పరిధిలోని ఒక ఊరి గురించి వార్త వచ్చింది. వంక మీద కల్వర్టు కూలిపోవడంతో బస్సు ఇవతలే ఆగిపోతోందనీ, హైస్కూలు ఆడపిల్లలు మిగతా దారి రేగడి బురదలో నడుస్తున్నారనీ రాశారు. అంతకు కొద్దిరోజుల ముందే నేను ఏదో ప్రారంభోత్సవానికి ఆ ఊరికి వెళ్లి వచ్చాను. నాయకుల పేర్లన్నీ వరుస తప్పకుండా రాసి పంపాను. ఇప్పుడీ వార్త చూసి నాకు అన్నం సయించలేదు. మధ్యాహ్నానికి సారు కర్నూలు నుంచి బండి మీద వచ్చి బస్టాండు దగ్గర టీ అంగడిలో కూర్చున్నారు. ఆ పోటీ పత్రికను బల్ల మీద పరిచారు. ఇక తిట్లు తప్పవనుకున్నాను.

"చదివినావా?" అన్నారు.

"చదివినా సార్. మనకు మిస్సయింది. రేపు ఇంకా బాగా..."

"అది కాదప్పా నేనడిగేది. కడుపు మండిందా లేదా?"

నేను నేల చూపులు చూశాను. "మండింది సార్."

"యాడ మండింది?"

నాకు అర్థం కాలేదు. ఆయన టీ గ్లాసు పక్కకు జరిపి పత్రికను నా వైపు తిప్పారు. "ఏ వాక్యం కాడ? ఏలు పెట్టి చూపీ."

మొదట శీర్షిక మీద వేలు పెట్టాను. ఆయన తల అడ్డంగా ఊపారు. మళ్లీ మొదటినుంచి చదివాను. మధ్యలో ఒక వాక్యం దగ్గర నా వేలు దానంతటదే ఆగింది. పిల్లలు చెప్పులు చేత పట్టుకుని బురద దాటి, బడి కొళాయి దగ్గర కాళ్లు కడుక్కుని, అప్పుడు చెప్పులు తొడుక్కుంటున్నారని రాసి ఉంది. నేను ఆ ఊరికి వెళ్లినరోజు అదే కొళాయి దగ్గర అదే పని చేస్తున్న పిల్లల్ని కళ్లారా చూశాను. అది వార్త అని తోచలేదు.

"ఆ, ఆడ," అన్నారు సారు. "నీకూ కనపడింది. నువ్వు రాయల్యా. వాడు రాసినాడు. వాని పేరు చూసి మండితే అది రోగమప్పా, దానికి మందు లేదు. వాక్యం కాడ మండితే అది పనికొస్తాది. దాన్ని ఆర్పుకోవద్దు." తర్వాత టీ అంగడి యజమాని వైపు తిరిగి, "ఈయప్పకు ఇంకో టీ పోయ్యి, కడుపు మండుతాందంట," అన్నారు. అంగడిలో అందరూ నవ్వారు. నాకు ఆరోజు ఆయన మీద కూడా కోపం వచ్చింది. కానీ అప్పటినుంచి పొద్దున్నే పత్రికలు ముందేసుకుని, ఎక్కడ మండుతుందో వెతుక్కోవడం నా అలవాటయింది. వార్తలు రాయడం నేను నేర్చుకున్నది ఆ ఒక్క ప్రశ్నతోనే. ఆయన వేరే పాఠాలు చెప్పినట్టు నాకు గుర్తులేదు.

తర్వాత నన్ను కర్నూలు కార్యాలయానికి మార్చారు. అప్పుడు నాకూ ఒక మోటారు సైకిలు ఉండేది. సారు బండి ముందు తక్కువే గానీ, గేర్లున్న బండి, మగరాయుడిలా తిరిగే బండి. ఒక వర్షాకాలం బేతంచెర్ల వైపు నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ల ముందు, రోడ్డు మీదికి పారిన తెల్లటి రాతి బురదలో అది నన్ను పడేసింది. ఎడమ చీలమండలో స్క్రూలు వేశారు. ఎముక అతుక్కుంది గానీ, పాదం పైకీ కిందికీ వంగడం మానేసింది. నడకకు పెద్ద ఇబ్బంది లేదు. గేరు వేయడం మాత్రం కుదరదు. బండి అమ్మేసి స్కూటర్ కొన్నాను. చిన్నది కొనడానికి మనసొప్పక, ఉన్నవాటిలో కాస్త పెద్ద ఇంజనున్నది కొన్నాను. మామూలు స్కూటర్ల మధ్య నిలిపితే అది మేకల మందలో దూడలా ఉంటుంది. పెద్ద బండ్ల పక్కన నిలిపితే ఎద్దుల కొట్టంలో అదే దూడ.

సారు రిటైరయ్యాక పెద్ద బండ్లవాళ్లను కొంతమందిని పోగుచేసి ప్రతినెలా రెండో శనివారం ఎక్కడికైనా వెళ్లడం మొదలుపెట్టారు. ఆదివారం ఆయనకు చర్చి ఉండేది కాబట్టి శనివారం. ఒక నెల శ్రీశైలం ఘాటు, ఒక నెల గండికోట. నన్నూ రమ్మన్నారు. మొదటిసారి వెళ్లినప్పుడు పెట్రోలు బంకు దగ్గర వరుసగా నిలబడి ఉన్న బండ్లను చూసి వెనక్కి తిరిగి వెళ్లిపోదామనుకున్నాను. ఒక్కొక్కటీ ఒక్కో రంగులో, క్రోమియం మెరుపులతో ఉంది. బంకు కుర్రాళ్లు వాటి చుట్టూ తిరుగుతూ "ఇది ఎంత సీసీ అన్నా" అని అడుగుతున్నారు. నా స్కూటర్‌ను చూసి ఒకడు, "ఎంత కొట్టాలి సార్, నూరుకా?" అన్నాడు. నేను అందరికంటే వెనక నిలబడ్డాను. సారు తన బండి దిగకుండానే చెయ్యి ఊపి పిలిచారు.

"ఈడికి రా. నా ఎనకాలే. రెండో బండి నీదే."

ఎలక్ట్రికల్ సామాన్ల అంగడి నడిపే బాషా అన్నింటికంటే పెద్ద బండి మీద ఉన్నాడు. "సార్, స్కూటర్ను ముందర పెట్టుకోని మేము ఎనక నడపల్లంటే మా ఇంజన్లు ఏడెక్కుతాయి సార్," అన్నాడు.

"ఏడెక్కితే నీడలో ఆపి టీ తాగుదాం."

"అంత నిదానంగా యాడికి పోతాం సార్?"

"గండికోటకే. అది తొమ్మిది నూర్ల ఏండ్ల నుంచి ఆడనే ఉండాది. ఈ పొద్దు యాడికీ పోదులే." ఆ తర్వాత ఆయన అందరికీ వినపడేలా చెప్పారు. చిన్న బండి వెనక ఉంటే తప్పిపోతుంది. మధ్యలో ఉంటే తొక్కుడు పడుతుంది. రెండోదిగా ఉంటే మొదటివాడికి అద్దంలో కనిపిస్తుంది. అది ఎంత వేగంతో పోగలిగితే అందరూ అంతే. దాన్ని దాటినవాడు వచ్చే నెల రానక్కర్లేదు. ఈ నియమం ఆయన ఉన్నంతకాలం మారలేదు.

గౌరవమేనని మీరు అనుకోవచ్చు. నాకు మాత్రం బడిలో అల్లరి పిల్లాణ్ణి మొదటి బెంచీలో కూర్చోబెట్టినట్టే ఉండేది. ముందు సారు బండి మోత, వెనక డజను బండ్ల గుర్రు, మధ్యలో కుట్టుమిషనులా నాది. ఊళ్ల మీదుగా పోతుంటే పిల్లలు సారు బండికి చెయ్యి ఊపేవాళ్లు. నేను వచ్చేసరికి చెయ్యి దించి, నా వెనక బాషా బండి కోసం మళ్లీ ఎత్తేవాళ్లు. దానికితోడు నా స్కూటర్ సీటు కింద చోటుందని అందరికీ తెలిసిపోయింది. వానకోట్లు, నీళ్ల సీసాలు, పంక్చరు సామాను, బాషా బీపీ మాత్రలు, ఉగ్గాని బజ్జీల పొట్లాలు, అన్నీ నా దాంట్లోకే వచ్చేవి. ఒకసారి ఓర్వకల్లు రాళ్ల దగ్గర ఆగినప్పుడు బాషా, "మన గాడిద వచ్చింది, దించుకోండప్పా," అన్నాడు. సారు ఉగ్గాని తింటూ తల ఎత్తకుండానే, "గాడిద మీద ఊళ్లోకి వచ్చినోన్నే మేము వారం వారం చర్చిలో మొక్కుతాండాం బాషా, జాగర్తగా మాట్లాడు," అన్నారు. బాషాతో సహా అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆయన గాడిద గురించి మాట్లాడింది ఎక్కడ కూర్చుని? ఆ బండి మీద కూర్చుని.

ఒక చలికాలం జరిగింది మాత్రం నేను మరిచిపోలేను. కోయిలకుంట్ల దాటాక ఒక పల్లె మొగదల ఒక ముసలామె ఎండిన ఉలవ తీగల్ని రోడ్డుకు ఒక పక్కన మందంగా పరిచింది. మా సీమలో ఇది మామూలే. పోయే బండ్ల చక్రాల కింద కాయ నలిగి గింజ రాలుతుంది. పొద్దు వాలాక నలిగిన తీగ తీసేసి గింజ తూర్పారబట్టుకుంటారు. సారు తీగల మీదుగానే నిదానంగా వెళ్లారు. నా చక్రాలు చిన్నవి, జారతాయని భయపడి నేను పక్కకు తప్పించుకుని పోయాను. రెండో బండి ఎటు పోతే మిగతావన్నీ అటే పోవాలి కదా. అన్నీ నా వెంటే పక్కకు తిరిగాయి. ముసలామె రోడ్డు మధ్యకు వచ్చి నా ముందు చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏమప్పా, ముందర పోయినాయప్ప బాగ తొక్కిచ్చినాడు. నువ్వేల తప్పిచ్చుకోని పోతాండావు? నీ ఎంబడి అన్నీ పోతాండాయి చూడు. పొద్దున్నించి పెద్ద బండ్లకని కూచోనుండా."

సారు వెనక్కి తిరిగి వచ్చారు. సంగతి విని, అందరినీ మళ్లించి తీగల మీద అటూ ఇటూ తిప్పమన్నారు. నేనూ స్కూటర్ తిప్పబోయాను. అవ్వ నన్ను ఆపింది.

"నువ్వొద్దులే నాయనా. నీదానికి బరువు యాడుండాది? ఆ యాపచెట్టు కింద కూచో."

వేపచెట్టు కింద కూర్చున్నాను. లక్షల విలువ చేసే బండ్లు, వాటి మీద నల్ల జాకెట్లు వేసుకున్న పెద్దమనుషులు, అవ్వ చెప్పినట్టల్లా నూర్పిడి ఎద్దుల్లా తిరుగుతున్నారు. "ఓ ఎర్రబండాయప్పా, ఇంగా ఇవతలికి. ఆ కొస నలగల్యా," అని ఆమె బాషాను గదమాయిస్తోంది. చూడటానికి ఎంత సరదాగా ఉన్నా నాకు నవ్వు రాలేదు. ఆమె నా పక్కన వచ్చి నిలబడి సారునే చూస్తూ, "ఈయప్ప పొట్టిగుండాడు గానీ, బండి శానా మాటింటాది," అంది. పోయేటప్పుడు ఆయనకు ఒక మూట ఉలవలు ఇచ్చింది. ఆ మూట కూడా నా సీటు కిందికే వచ్చింది.

ఆరోజు తిరుగు ప్రయాణంలో టీకి ఆగినప్పుడు సారు నా దగ్గరికి వచ్చి, "మండిందా?" అన్నారు. మండిందన్నాను. ఎక్కడ అని అడుగుతారని నాకు తెలుసు. "ఆమె కూచోమన్న కాడ సార్," అన్నాను. ఆయన తాళం చెవి తీసి నా చేతిలో పెట్టారు. "అయితే నడిపి చూడు."

పక్కన పొలాల్లోకి ఒక మట్టిరోడ్డు ఉంది. ఆ బండి మీద కూర్చోగానే నా వీపు దానంతటదే నిటారుగా అయింది. మొదటి గేరులో కదిలాను. రెండోదానికి పాదం లేవలేదు. మడమతో నొక్కమని సారు వెనకనుంచి అరిచారు. మడమతో నొక్కాలంటే నేను కాలు మొత్తం ఎత్తి రోకలిలా దించాలి. అలా దించి రెండో గేరు వేశాను. గట్టు మలుపు దగ్గర గేరు తగ్గించాల్సి వచ్చినప్పుడు కాలు ఎటు పెట్టాలో తోచలేదు. బండి శనగచేను గట్టుకు మెత్తగా ఒరిగి ఆగిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. సారు నడుచుకుంటూ వచ్చి, బండి లేపుతూ, మరేమీ అడగలేదు. ఆయన అడగకపోయినా ఆ రోజు నాకు జవాబు దొరికింది. నేను ఇన్నేళ్లూ ఆ ఇంజనును చూసి, ఆ మోతను చూసి కుళ్లుకున్నాననుకున్నాను. నిజానికి అందరి ఎడమ పాదాలను చూసి కుళ్లుకుంటున్నాను. వాళ్లు తలవకుండానే వంచే ఆ వేళ్లను చూసి.

సునీత మా పత్రికలో చేరింది ఆ తర్వాతే. ఆదోని వైపు పల్లె పిల్ల, రైతు కూతురు. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. తండ్రి మోటారు సైకిలు మీద గడ్డిమోపులు తోలి నేర్చుకుందట. అరువు బండి మీద ఒకనెల మాతో వచ్చింది. మరుసటి నెలకు సారు ఆమెను మూడో చోటులో, అంటే నా వెనకే పెట్టారు. నా అద్దంలో ఎప్పుడు చూసినా ఆమె ఎడమ పాదమే కనిపించేది. ఆమె రాసే వార్తల్లో కూడా నా వేలు ఆగే వాక్యాలు ఉంటాయి. ఒక మనిషి మీద ఇన్ని రకాలుగా అసూయపడటం నాకు అదే మొదలు.

నిరుడు సారు ఎడమ చేతిలో పట్టు తగ్గింది. క్లచ్ నొక్కలేకపోయారు. ఇక ఆ బండి ఎవరికిస్తారా అని మా గుంపులో అందరూ లోలోపల లెక్కలు వేసుకున్నారు. నడపలేనని తెలిసి కూడా నేనూ వేసుకున్నాను. ఇంతకాలం వెంట ఉన్నది నేను. దాని మోతను నిద్రలో గుర్తుపట్టేది నేను. మా పోర్టికోలో ఒక కారు పట్టేంత చోటు ఖాళీగానే ఉంది. ఒక రెండో శనివారం బంకు దగ్గర, అందరూ చూస్తుండగా, ఆయన తాళం చెవి సునీత చేతిలో పెట్టారు. "ముందు నువ్వు నడువమ్మా," అన్నారు. తర్వాత వచ్చి, ఏమీ జరగనట్టు నా స్కూటర్ వెనక సీటు ఎక్కారు.

ఆ ప్రయాణమంతా నా ముందు ఆ బండి పోతోంది. దాని పాత యజమాని నా వీపు వెనక కూర్చుని, "ఈ సీటు శానా మెత్తగా ఉండాదే. ఇన్నాళ్లూ చెప్పల్యా నువ్వు," అంటున్నారు. గండికోటలో అందరూ పెన్నా లోయ అంచున బండ్లు పెట్టి ఫొటోలు దిగుతున్నారు. మేమిద్దరం కొంచెం ఎడంగా ఒక బండ మీద కూర్చున్నాం. కింద సన్నగా నీళ్లు.

"మండుతాందా?" అన్నారు.

"ఊఁ."

"యాడ?"

ఈసారి వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. "మీరు నన్ను అడగకుండా ఇచ్చిన కాడ సార్."

"అడిగింటే?"

"వద్దనేవాన్ని."

ఆయన నవ్వడం మొదలుపెట్టారు. నవ్వు దగ్గులోకి దిగింది. నీళ్లు ఇచ్చాను. తుడుచుకుని, "నీకిస్తే నువ్వు దానికి దుప్పటి కప్పి పెడతావప్పా. రోజూ తుడుస్తావు. దాన్ని నడవనీవు," అన్నారు. నేను కాదనలేదు. ఆయన ఒక చిన్న రాయి తీసి లోయలోకి విసిరారు. ఆ తర్వాత, "అయినా అడగాల్సింది నేను. అది నిజమే," అన్నారు.

మొన్న వేసవిలో ఆయన పోయారు. వాళ్ల ఊరి చర్చి వెనక సమాధి చేశారు. మా బండ్లన్నీ వెళ్లాయి. అక్కడికి కూడా నా స్కూటర్ రెండోదిగానే వెళ్లింది. ఎవరూ చెప్పకుండానే నా వెనకవాళ్లు ఎవరూ దాటలేదు. తర్వాతి నెల ప్రయాణానికి ముందు సునీత మా గేటు దగ్గర బండి ఆపి, లోపలికి వచ్చి, తాళం చెవి నా ముందు పెట్టింది. "నడుపుతావా అన్నా?" అంది. జాలి పడుతోందనుకుని నాకు కోపం వచ్చింది. ఏం, నా కాలు సంగతి నీకు తెలియదా అన్నాను.

"నాకు తెలుసన్నా. సారే చెప్పినాడు. గండికోట నుంచి వచ్చిన రోజే చెప్పినాడు. తను పోయినాక, ప్రయాణం పొయ్యే ప్రతిసారీ ముందు నిన్ను అడిగి, నువ్వు వద్దంటేనే నన్ను తియ్యమన్నాడు."

అందుకే ఈ పొద్దున ఆ మోత మా వీధి మిట్ట ఎక్కింది. ఇవాళ రెండో శనివారం. పాలు దించి, తలుపు తీసేసరికి ఆమె హెల్మెట్ చంకన పెట్టుకుని మెట్ల మీద నిలబడి ఉంది. వీధి మలుపులో మిగతా బండ్లు ఇంజన్లు ఆపకుండా ఎదురుచూస్తున్నాయి. నీళ్ల సీసాలు, బాషా మాత్రలు రాత్రే నా సీటు కిందికి చేరాయి. ఆమె అరచేతిలో తాళం చెవి ఉంది. దాని తోలు ముక్క సారు వేళ్ల కింద నలిగి నలిగి నల్లబడిపోయింది.

"నడుపుతావా అన్నా?"

నేను దానివైపు కాసేపు చూశాను. ఆమె తొందరపెట్టలేదు. వీధి మలుపులో ఎవరో హారన్ కొట్టబోతే బాషా ఆపడం వినిపించింది.

"వద్దులేమ్మా," అన్నాను.

ఆమె తల ఊపి తాళం చెవిని జేబులో వేసుకుంది. ఎక్కడ మండిందో చూసుకున్నాను. సరిగ్గా అక్కడే, ఆ తోలు ముక్క జేబులోకి జారి కనపడకుండా పోయిన దగ్గర. ఆమె మెట్లు దిగి గేటు దాకా పోయాక పిలిచాను.

"సునీతా, వచ్చే నెల అడగడం మర్చిపోవద్దు."